కాలూ చెయ్యీ పడిపోయిన రాత్రి గంటలన్నీ ఎక్కడికి పోతున్నాయి

పక్షవాతం అంటే ఏందో చిత్తూరు జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పే పని లేదు. మూతి ఒక పక్కకి పోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం, మాట ముద్దముద్దగా రావడం, ఇవన్నీ చదువుకోని అవ్వ కూడా చూడంగానే గుర్తుపట్టి "వాతం కొట్టింది" అనేస్తుంది. అందుకే గోడల మీద పోస్టర్లు వేసి లక్షణాలు నేర్పిస్తే చాలు అనుకోవడం సగం మాటే, గుర్తుపట్టడం చాలా ఇళ్లలో జరుగుతూనే ఉంది, గుర్తుపట్టిన తర్వాత ఏం చేస్తున్నారు అనే దగ్గరే తేడా కొడుతోంది. మన లెక్కలో పక్షవాతం నెలల జబ్బు. పడిపోయాక నూనె మర్దన, పథ్యం, మంచం పక్కన ఒక మనిషి, ఆరు నెలలకో ఏడాదికో కర్ర పట్టుకుని లేవడం, తరతరాలుగా జనం చూసింది ఇదే. మొదటి నాలుగైదు గంటల్లో చేయగలిగింది ఏదో ఉంటుందని ఎవరికీ తట్టదు, అందులో జనం తప్పు కూడా లేదు, ఎందుకంటే ముప్పై ఏళ్ల కిందటి వరకు నిజంగానే డాక్టర్ల దగ్గర కూడా ఆ గంటల్లో ఇవ్వడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆ పరిస్థితి మారింది 1995లో. అమెరికాలో చేసిన ఒక పెద్ద ట్రయల్‌లో ఆల్టిప్లేస్ అనే క్లాట్ (రక్తం గడ్డ) కరిగించే మందుని స్ట్రోక్, అంటే పక్షవాతం, మొదలైన మూడు గంటల్లోపు నరానికి ఎక్కిస్తే, మూడు నెలల తర్వాత వైకల్యం లేకుండా లేదా చాలా తక్కువ వైకల్యంతో బయటపడేవాళ్లు కనీసం 30 శాతం ఎక్కువగా ఉన్నారని తేలింది. రిస్క్ కూడా దాచలేదు, మందు తీసుకున్నవాళ్లలో నూటికి ఆరుగురికి పైగా మెదడులో రక్తస్రావం అయింది. మరుసటి ఏడాదే అక్కడ దానికి అనుమతి వచ్చింది, 2008లో యూరప్‌లో చేసిన ఇంకో ట్రయల్‌తో ఆ టైము నాలుగున్నర గంటలకి పెరిగింది. ఇప్పుడు టెనెక్టిప్లేస్ అని ఇంకో మందు ఉంది, ఆల్టిప్లేస్ లాగా గంటసేపు డ్రిప్పు పెట్టాల్సిన పని లేకుండా ఒకే ఇంజెక్షన్‌గా ఇచ్చేయొచ్చు, అందుకే చిన్న ఊరి ఆసుపత్రిలో ఇచ్చేసి పేషెంట్‌ని పెద్ద ఆసుపత్రికి పంపడం కుదురుతుంది. 2015లో ఇంకో మెట్టు, పెద్ద రక్తనాళం మూసుకుపోతే తొడ మొదట్లో నుంచి సన్నటి గొట్టం మెదడు దాకా పంపించి క్లాట్‌ని పట్టి బయటికి లాగేసే పద్ధతి బాగా పనిచేస్తుందని ఒకే ఏడాది వరసగా అయిదు ట్రయల్స్ చెప్పాయి. 2018 తర్వాత స్కాన్ చూసి ఎంపిక చేసిన కొందరికి 24 గంటల దాకా కూడా అది చేస్తున్నారు. కాకపోతే "24 గంటలు" అన్న మాట విని పొద్దున చూద్దాంలే అనుకుంటే అంతే సంగతులు, ఎందుకంటే ఆ ఎంపికకి అర్హత ఉన్నవాళ్లు కొందరే, మిగతావాళ్లకి ఆ టైముకి కాపాడడానికి మెదడులో మిగిలేది తక్కువ.

లోపల జరిగేది మామిడితోటలో డ్రిప్పు పైపుకి జరిగేదే. పైపు ఎక్కడో మూసుకుపోతే దాని కింద చెట్లకి నీళ్లు అందవు, లేకుంటే పైపు పగిలి ఒకే చోట నీళ్లు నిలిచిపోతాయి. స్ట్రోకుల్లో ఎక్కువ శాతం, పశ్చిమ దేశాల్లో చూస్తే నూటికి 85 దాకా మొదటి రకం, అంటే క్లాట్. మిగతావి రక్తనాళం పగిలి వచ్చేవి, బీపీ కంట్రోల్‌లో లేనివాళ్లు ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ రెండో రకం వాటా ఇంకొంచెం ఎక్కువే. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు ఒక్కో నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని ఒక అంచనా. ఇంకో ముఖ్యమైన సంగతి ఏందంటే క్లాటా రక్తస్రావమా అనేది బయటి నుంచి చూసి ఎంత సీనియర్ డాక్టర్ అయినా ఖాయంగా చెప్పలేడు, సీటీ స్కాన్ తీయాల్సిందే, ఎందుకంటే ఒకదానికి ఇచ్చే మందు రెండోదానికి ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే స్కాన్ లేని ఆసుపత్రికి పోవడం అంటే టైము పోగొట్టుకోవడమే, అక్కడ డాక్టరు ఎంత మంచోడైనా సరే.

గంటలు ఎట్లా జారిపోతాయో చూడాలంటే పాకాల పక్కన ఒక పల్లెలో ఒక ఇల్లు అనుకుందాం. పెద్దాయనకి అరవై దాటినాయి, బీపీ ఉంది, రాత్రి తొమ్మిదిన్నరకి టీవీ ముందు కూర్చుని ఉండంగా చేతిలో చెంబు జారి కిందపడింది. "తిమ్మిరెక్కింది లేమ్మా" అన్నాడు, మాట కొంచెం తడబడింది. కోడలు సోడా తెచ్చి తాగించింది, సగం మూతి పక్క నుంచి కారిపోయింది. పదింబావుకి ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి బీపీ చూస్తే 190 ఉంది, నాలుక కింద ఒక మాత్ర పెట్టి, సెలైన్ బాటిల్ ఒకటి వేలాడదీసి "నీరసం, పొద్దునకి సర్దుకుంటుంది" అన్నాడు. పదకొండున్నరకి చెయ్యి పూర్తిగా లేవడం లేదని అర్థమయింది, కువైట్‌లో ఉన్న కొడుక్కి వాట్సాప్ కాల్ చేశారు, ఆయన డ్యూటీలో ఉండి ఎత్తలేదు, తర్వాత ఎత్తి "ఇక్కడెక్కడా వద్దు, రాయవేలూరే తీసుకుపోండి" అన్నాడు, అంటే తమిళనాడులోని వేలూరుకి. రాత్రిపూట కారు దొరకలేదు, దొరికినా తెల్లారేదాకా ఆగుదాం అన్నారు, పొద్దున ఆరుకి బయలుదేరి ఓపీలో చీటీ రాయించుకుని స్కాన్ అయ్యేసరికి తొమ్మిదయింది. పదకొండున్నర గంటలు. అదే ఇంటి నుంచి తిరుపతికి రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉంటే గంట, గంటంబావు ప్రయాణం. ఆ ఇంట్లో పెద్దాయన మీద ప్రేమ లేనివాళ్లు ఒక్కరూ లేరు, అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు, చేసినవన్నీ నెలల జబ్బుకి చేసే పనులు.

ఇక్కడ గుండెపోటుతో పోల్చి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఛాతీలో నొప్పి వస్తే మనిషే అరిచి గోల చేసి బండి ఎక్కుతాడు. స్ట్రోక్‌లో ఎక్కువ మందికి నొప్పే ఉండదు. పైగా మెదడు కుడి వైపు దెబ్బతిని ఎడమ పక్క పడిపోయినవాళ్లలో కొందరికి తమకి జబ్బు చేసిందనే తెలివే ఉండదు, చెయ్యి పడిపోయి ఉన్నా "నాకేం కాలేదు, నన్నొదిలిపెట్టండి" అని కొట్లాడతారు. ఎడమ మెదడు దెబ్బతింటే కుడి పక్కతో పాటు మాట కూడా పోవచ్చు, ఏమయిందో చెప్పాలన్నా చెప్పలేరు. అంటే జబ్బు వచ్చిన మనిషి మాట మీద ఆధారపడి నిర్ణయం తీసుకునే జబ్బు కాదిది, పక్కన ఉన్నవాళ్లే తీసుకోవాలి.

పక్కనున్నవాళ్లు చూడాల్సింది ఒక నిమిషం పని. "ఈ" అని పళ్లు కనపడేట్టు నవ్వమనాలి, ఒక పక్క పెదవి కదలకుండా ఉండిపోతే అది లెక్క. కళ్లు మూసుకుని రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టి ముందుకి చాపమనాలి, పది సెకన్లలో ఒక చెయ్యి దానంతటది కిందికి దిగిపోతూ ఉంటే, లేదా లోపలికి తిరిగిపోతుంటే లెక్క. ఇంక మాట. ఇంగ్లీషు పోస్టర్లలో ఏదో ఒక వాక్యం ఇచ్చి చెప్పించమంటారు గానీ తిరుపతి చుట్టుపక్కల దానికి వెతుక్కోనక్కర్లేదు, "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవిందా" అనమంటే చాలు, నోటికొచ్చిన మాటే కాబట్టి అక్షరాలు నలిగిపోతున్నాయా అన్నది వినంగానే తెలిసిపోతుంది. ఒక చిన్న జాగ్రత్త, నోటికి బాగా అలవాటైన మాటలు కొన్నిసార్లు స్ట్రోక్‌లో కూడా బయటికి వచ్చేస్తాయి, అందుకని దాంతో పాటు "రాత్రి ఏం తిన్నావు" లాంటి ప్రశ్న ఒకటి అడగాలి. సంబంధం లేని జవాబు వచ్చినా, అడిగింది అర్థం కానట్టు చూసినా అదీ స్ట్రోక్ గుర్తే. మూడింట్లో ఏ ఒక్కటి కొత్తగా, ఉన్నట్టుండి కనిపించినా బయలుదేరాల్సిందే, మూడూ కలిసి రావాలని రూలేమీ లేదు.

ఈ మూడింటికీ దొరకని స్ట్రోకులు కూడా ఉన్నాయి, ఎక్కువ మోసపోయేది వీటి దగ్గరే. మెదడు వెనక భాగంలో వస్తే కాలూ చెయ్యీ బాగానే ఉండొచ్చు, ఉన్నట్టుండి గిర్రున తల తిరిగి వాంతులు అవుతాయి, నిలబడితే ఒక పక్కకి పడిపోతారు, ఒకటి రెండుగా కనిపిస్తుంది. దాన్ని పైత్యం అనో గ్యాస్ అనో బీపీ డౌన్ అయిందనో అనుకుని నిమ్మకాయ నీళ్లు ఇచ్చి పడుకోబెడతారు. తల తిరిగిన ప్రతివాళ్లకీ స్ట్రోక్ అని కాదు, చాలామందికి చెవి లోపలి సమస్యే. కానీ పట్టుకుని నిలబెట్టినా నిలబడలేకపోతున్నా, మింగుడు పడకపోయినా, మాట మారినా, బీపీ షుగర్ ఉన్న మనిషికి మొదటిసారి అట్లా వచ్చినా ఇంట్లో పెట్టుకునే కేసు కాదు. ఒక కన్ను ఉన్నట్టుండి తెర దించినట్టు చీకటైపోవడం ఇంకోటి. ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం ఇంకోటి, ఇది రక్తనాళం పగిలినప్పుడు ఎక్కువ.

ఇంకా మోసం చేసేది, వచ్చి పోయేది. చెయ్యి పది నిమిషాలు పనిచేయలేదు, మాట తడబడింది, తర్వాత మామూలైపోయింది, ఇంట్లో వాళ్లు దేవుడికి దండం పెట్టుకుని కొండకి తలనీలాలు మొక్కుకుని మర్చిపోతారు. మొక్కు తీర్చుకోవచ్చు, దాంతో పేచీ లేదు, గానీ ముందు డాక్టర్ దగ్గరికి. దీన్ని మినీ స్ట్రోక్ అంటున్నారు, డాక్టర్లు టీఐఏ అని రాస్తారు, క్లాట్ వచ్చి దానంతటదే కరిగిపోయింది అని అర్థం. పట్టించుకోకుండా వదిలేసిన వందమందిలో పదిమంది దాకా మూడు నెలల్లోపే అసలు స్ట్రోక్‌తో పడిపోతారు, అందులో దాదాపు సగం మొదటి రెండు రోజుల్లోనే. అదే వెంటనే చూపించుకుని మందులు మొదలుపెడితే ఆ ప్రమాదం 80 శాతం తగ్గిందని 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఒక స్టడీ చూపించింది. స్ట్రోక్ ముందుగా కబురు పెట్టి రావడం అన్నది ఉంటే అది ఇదొక్కటే, మన దగ్గర అందరికంటే తేలిగ్గా వదిలేసేదీ దీన్నే.

చేయకూడనివి కొన్ని గట్టిగా చెప్పుకోవాలి. నోట్లో ఏమీ పోయకూడదు, కాఫీ, సోడా, నీళ్లు, తీర్థం, ఏదీ. మింగే కండరాలు కూడా పడిపోయి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది, స్ట్రోక్ పేషెంట్లు పోయేది చాలాసార్లు దాంతోనే. నాలుక కింద బీపీ మాత్ర పెట్టి ఒక్కసారిగా బీపీ దించడం ఇంకా ప్రమాదం, క్లాట్ పక్కన బతకడానికి కొట్లాడుతున్న మెదడు భాగానికి ఆ పెరిగిన బీపీయే కొంచెం రక్తం తోస్తూ ఉంటుంది, ఆసుపత్రిలో కూడా క్లాట్ ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185/110 కిందికి తెస్తారు గానీ ఇంజెక్షన్ లేని కేసుల్లో 220/120 దాకా చాలావరకు కదిలించరు. గుండెపోటుకి ఇస్తారు కదా అని ఆస్పిరిన్ ఇంట్లో ఇచ్చేయడం కూడా తప్పే, అది రక్తస్రావం రకం అయితే మరింత ముంచుతుంది. వేళ్ల చివర సూదితో గుచ్చి రక్తం తీస్తే నయమవుతుందని ఒక వాట్సాప్ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది, పావురం రక్తం పూయడం అని ఇంకోటి, వీటికి ఏ ఆధారమూ లేదు, ఉన్న గంటలు తినేయడం తప్ప. ఒక్క పని మాత్రం ఇంట్లో చేయొచ్చు, షుగర్ పేషెంట్ అయితే గ్లూకోమీటర్‌తో చూడడం, షుగర్ బాగా పడిపోయినా అచ్చం స్ట్రోక్ లాగే చెయ్యి పడిపోయి మాట తడబడుతుంది. మిషన్ ఇంట్లో లేకపోతే దానికోసం పక్కూరికి మనిషిని పంపొద్దు, ఆసుపత్రిలో మొదట చూసేది అదే.

టైము రాసిపెట్టుకోవాలి, గోడ మీద రాసినా సరే. డాక్టర్ మొదట అడిగే ప్రశ్న "చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు" అనే. నిద్రలో వచ్చి పొద్దున లేచేసరికి పడిపోయి ఉంటే లేచిన టైము నుంచి లెక్క కాదు, రాత్రి పడుకునేముందు బాగున్న టైము నుంచి లెక్క, అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచి నడిచినట్టు ఎవరైనా చూసి ఉంటే ఆ చిన్న విషయమే చాలా తేడా తెస్తుంది. నిద్రలో వచ్చిన కేసుల్లో కూడా కొందరికి ఎంఆర్ఐ చూసి ఇంజెక్షన్ ఇవ్వగలుగుతున్నారు, కాబట్టి టైము తెలియదు కదా అని నీరుగారిపోనక్కర్లేదు. వాడే మాత్రల కవరు మొత్తం చేతిలో పట్టుకుని పోవాలి, ముఖ్యంగా రక్తం పల్చబడే మాత్రలు ఉన్నాయా అన్నది.

ఎక్కడికి అన్నది పడిపోయిన రాత్రి ఆలోచించే విషయం కాదు. తిరుపతిలో అలిపిరి రోడ్డులో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు పక్కపక్కనే ఉన్నాయి, చిత్తూరు వాళ్లకి రాయవేలూరు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో తగుల్తుంది కాబట్టి అటు పోవడంలో అర్థం ఉంది, కానీ శ్రీకాళహస్తి నుంచో పుత్తూరు నుంచో తిరుపతిని దాటుకుని వేలూరికో చెన్నైకో బండి కట్టడం అంటే పేరున్న ఆసుపత్రి కోసం మెదడుని పణంగా పెట్టడమే. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్న మనిషి ఇంట్లో ఉంటే తీరిగ్గా ఉన్న రోజే ఫోన్ చేసి రెండు ముక్కలు అడిగి పెట్టుకోవచ్చు, రాత్రి రెండింటికి కూడా సీటీ తీస్తారా, స్ట్రోక్‌కి క్లాట్ కరిగించే ఇంజెక్షన్ మీ దగ్గర ఇస్తారా అని. 108 చేస్తే బండి ఎక్కినప్పటి నుంచి ఆక్సిజన్, షుగర్ టెస్టు లాంటివి మొదలవుతాయి, స్ట్రోక్ అనుమానం అని ఫోన్‌లోనే చెప్పాలి.

ఆసుపత్రికి చేరాక కూడా రెండు చోట్ల టైము పోతుంది. ఒకటి, సీటీ నార్మల్ వచ్చింది అనంగానే ఊపిరి పీల్చుకుని ఇంటికి పోదామనడం. మొదటి గంటల్లో క్లాట్ స్ట్రోక్ సీటీలో సరిగా కనిపించకపోవడం మామూలే, ఆ సీటీ తీసేది ముఖ్యంగా రక్తస్రావం లేదని చూసుకోవడానికి, అది లేదంటేనే ఇంజెక్షన్‌కి దారి తెరుచుకున్నట్టు. రెండోది సంతకం. నూటికి ఆరుగురికి రక్తస్రావం అవ్వొచ్చు అని డాక్టర్ చెప్పంగానే కారిడార్‌లో నలుగురు బావమరుదులు, చిన్నాయన కొడుకు, ఫోన్‌లో ఒక మేనల్లుడు కలిసి పంచాయితీ పెడతారు. భయం సహజమే, వేలల్లో ఖర్చు కూడా ఉంది. కానీ ఆ ఆరుగురి లెక్క చెప్పినప్పుడు ఇంజెక్షన్ లేకపోతే జీవితాంతం మంచానికి పరిమితమయ్యేవాళ్లు ఎంతమందో కూడా పక్కనే పెట్టి చూడాలి కదా, అది ఎవరూ అడగరు. ఇంట్లో ఒక్కరిని ముందే అనుకుని పెట్టుకుంటే, నిర్ణయం వాళ్లదే అని, అరగంట మిగులుతుంది.

జిల్లాలో పక్షవాతానికి నాటుమందు ఇచ్చే ఊళ్లు ఉన్నాయి, కర్ణాటక నుంచి తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు అన్నంత నమ్మకం దాని మీద కూడా ఉంది, ఆ నమ్మకాన్ని వెటకారం చేసి లాభం లేదు. విషయం ఏందంటే స్ట్రోక్ వచ్చిన తర్వాత మొదటి మూడు నెలల్లో మెదడు తనంతట తానే కొంత కోలుకుంటుంది, పాడైన భాగం పని పక్క భాగాలు నేర్చుకుంటాయి, ఎవరు ఏ నూనె రాసినా ఆ టైములోనే రాస్తారు కాబట్టి పేరు నూనెకి పోతుంది. ఆ మూడు నెలలు ఫిజియోథెరపీ ఎంత చేయిస్తే అంత లాభం. ఆసుపత్రి వైద్యం అయి, మాత్రలు వేసుకుంటూ, ఫిజియో చేయించుకుంటూ ఎవరైనా మర్దన కూడా చేయించుకుంటే పెద్దగా పోయేదేం లేదు, బీపీ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు ఆపేసి పథ్యం చేయమంటే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయాలి.

ఇంక రాకుండా చూసుకోవడం. 25 ఏళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి బతుకులో ఎప్పుడో ఒకప్పుడు స్ట్రోక్ వచ్చే అవకాశం ఉందని ప్రపంచ లెక్కలు చెప్తున్నాయి, మన దగ్గర పశ్చిమ దేశాల కంటే చిన్న వయసులోనే వస్తోంది. మనదేశం కూడా ఉన్న 32 దేశాల్లో చేసిన ఇంటర్‌స్ట్రోక్ అనే పెద్ద స్టడీ 2016లో చెప్పింది ఏందంటే మనం మార్చుకోగలిగిన పది కారణాలే దాదాపు 90 శాతం రిస్క్‌కి బాధ్యత, ఆ పదింట్లో బీపీ ఒక్కటే దగ్గరదగ్గర సగం. మిగతా తొమ్మిదింటి గురించి ఎంత మాట్లాడినా చివరికి అందరూ తిరిగొచ్చేది బీపీ దగ్గరికే. పై బీపీ పది పాయింట్లు తగ్గిస్తే స్ట్రోక్ రిస్క్ పావు వంతుకి పైగా తగ్గుతుంది, అది పది రూపాయల లోపు ఖర్చయ్యే మాత్రతో కూడా అయ్యే పని, సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

అయినా ఎందుకు కావడం లేదంటే బీపీ నొప్పి పెట్టదు. 170 ఉన్న మనిషి పొలంలో పనిచేసుకుంటూ బాగానే ఉంటాడు. ఒక నెల మాత్రలు మింగి చూపించుకుంటే 130 వస్తుంది, "నార్మల్‌కి వచ్చేసింది" అని ఆపేస్తాడు, ఆ 130 మాత్ర వల్లే వచ్చిందని ఎవరూ నిలబడి చెప్పలేదు, చీటీలో "నెల తర్వాత రండి" అని మాత్రమే ఉంది. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి, అలవాటైపోతుంది, కిడ్నీలు పోతాయి అనే మాట ఇంకోటి. కిడ్నీలు పాడు చేసేది కంట్రోల్ లేని బీపీ. సగం వాడి వదిలేసిన మాత్రల షీట్లు ఎన్ని ఇళ్లలో టీవీ స్టాండు మీద పడి ఉంటాయో చూస్తే స్ట్రోకులు ఎక్కడ నుంచి వస్తున్నాయో అర్థమవుతుంది. చూసే పద్ధతి కూడా, మెట్లెక్కి ఆయాసంతో పోయి కాఫీ తాగి కూర్చోంగానే చూస్తే ఎక్కువే చూపిస్తుంది, అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, రెండుసార్లు చూడాలి. రెండుమూడు వేర్వేరు రోజులు 140/90 దాటితే బీపీ ఉన్నట్టే.

ఉప్పు సంగతి. రోజుకి అయిదు గ్రాములు, అంటే ఒక టీ స్పూను మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. సంగటిలో పెద్దగా ఉప్పు లేదు, దాని పక్కన పెట్టుకునే ఊరుబిండి, ఊరగాయ, ఉప్పు మిరపకాయలు, వడియాలు, మజ్జిగలో ఇంకో చిటికెడు, ఇవన్నీ కలిపితే ఆ స్పూను మధ్యాహ్నానికే దాటిపోతుంది. చైనాలో 600 పల్లెల్లో మామూలు ఉప్పు బదులు పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చి చూస్తే స్ట్రోకులు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది, షాపుల్లో లో సోడియం సాల్ట్ అని దొరికేది అట్లాంటిదే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు. బీడీ, సిగరెట్, ఖైనీ, షుగర్, కొలెస్ట్రాల్, తాగుడు, ఒళ్లు కదలకపోవడం, వీటి గురించి అందరికీ తెలిసిందే కాబట్టి సాగదీయక్కర్లేదు.

అంతగా తెలియనిది నాడి. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే గుండెలోనే క్లాట్ తయారై మెదడుకి ఎగిరిపోతుంది, స్ట్రోక్ రిస్క్ అయిదు రెట్లు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే ఒక వరస లేకుండా కొట్టుకోవడం చాలాసార్లు వేలికే తెలుస్తుంది, ఈసీజీతో ఖాయం చేస్తారు. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె వాల్వు పాడైనవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, వాళ్లకి ముప్పై నలభై ఏళ్లకే ఇట్లా స్ట్రోక్ వస్తుంది. వాళ్లు వాడే ఎసిట్రోమ్ లాంటి రక్తం పల్చబడే మాత్ర ఒక్క వారం మానినా ప్రమాదమే, రక్తం ఎంత సేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ టెస్టు చేయించుకుంటూ ఉండాలి. ఆకుకూరలు పూర్తిగా మానేయమని అనుకుంటారు, మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తింటే చాలు, ఒక వారం అసలు లేకుండా ఇంకో వారం రోజూ తోటకూర అయితేనే టెస్టు తలకిందులవుతుంది.

తిరుపతి అన్నాక కొండ సంగతి వదిలేసి రాయలేం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, చాలామంది ఉపవాసంతో ఎక్కుతారు, మాత్రలు దర్శనం అయ్యాక వేసుకుందాంలే అనుకుంటారు, బాత్రూమ్‌కి ఇబ్బంది అని క్యూ కాంప్లెక్సులో నీళ్లు తగ్గిస్తారు. పెద్ద వయసువాళ్లు, బీపీ షుగర్ ఉన్నవాళ్లు నడకదారిన రావొద్దని టీటీడీయే చెప్తోంది. ఎక్కినా ఎక్కకపోయినా బీపీ మాత్ర, వాల్వు మాత్ర జేబులో ఉండాలి, టైముకి పడాలి, మాత్ర మింగితే ఉపవాసం చెడదు. ఇంకోటి ఆడవాళ్లకి. కొండకి వస్తున్నాం కదా అని నెలసరి వాయిదా వేసే హార్మోన్ మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని వేసుకోవడం మామూలైపోయింది. హార్మోన్ మాత్రలతో రక్తం గడ్డకట్టే గుణం పెరగొచ్చు, దానికి నీళ్లు తాగకపోవడం, ఎండ తోడైతే మెదడులో సిరలు మూసుకుపోయే రకం స్ట్రోక్ రావొచ్చు, మన దేశంలో ఇట్లాంటి కేసులు రికార్డయి ఉన్నాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా క్లాట్ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా అవి ముట్టుకోకపోవడమే మంచిది.

ఇదే సిరల స్ట్రోక్ బాలింతల్లో ఇంకా ఎక్కువ. కాన్పు అయిన ఆరు వారాలు రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరిగి ఉంటుంది, అప్పుడే మన ఇళ్లలో "నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుంది" అని గ్లాసు లెక్కపెట్టి ఇస్తారు, చెవుల్లో దూది, తలకి గుడ్డ, కిటికీ మూసిన గది. రెండోవారంలో తలనొప్పి అంటుంది, చల్లగాలి తగిలింది అంటారు. తలనొప్పి రోజురోజుకీ పెరిగి వాంతులు, చూపు మసక, ఫిట్స్, ఒక పక్క బలహీనత వస్తే అది గాలి కాదు. స్కాన్‌లో తొందరగా బయటపడితే హెపారిన్ అనే, రక్తం గడ్డకట్టకుండా చూసే మందుతో చాలామంది పూర్తిగా కోలుకుంటారు, ఇరవై ఏళ్ల పిల్లలు వీళ్లు. బాలింతకి దాహం వేసినన్ని నీళ్లు ఇవ్వడానికి ఏ శాస్త్రమూ అడ్డం రాదు.

ఒకసారి వచ్చి బయటపడ్డవాళ్లకి రెండోసారి వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ, ఆ రెండోది తరచుగా మొదటిదాని కంటే గట్టిగా కొడుతుంది. డిశ్చార్జ్ చీటీలో ఉండే ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, ఇవి నడక వచ్చేదాకా వాడే మాత్రలు అనుకుని చెయ్యి లేవంగానే మానేస్తారు. ఆ మాత్రలకి చెయ్యి లేవడంతో సంబంధం లేదు, అవి ఇంకో క్లాట్ రాకుండా ఇచ్చినవి, చీటీ ఇచ్చే రోజే ఏ మాత్ర దేనికి, ఏది ఎన్నాళ్లు అని డాక్టర్‌నో ఫార్మసీ అబ్బాయినో అడిగి షీటు మీద పెన్నుతో తెలుగులో రాయించుకుంటే ఇంట్లో మాత్రలు ఇచ్చేది కోడలైనా మనవడైనా తడబాటు ఉండదు.